ఏడో వీధిలో దుకాణాలు లేవు

నగర ప్రణాళిక ఆఫీసులో టేపాయన గీసిన గీతకు తిరుగు లేదని పేరు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ముప్పై నాలుగేళ్ళుగా భుజాన సంచిలో కొలత టేపు, చంకలో రిజిస్టరు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఊరంతా తిరిగి, ఏ గడప ఎంత వెడల్పు, ఏ ఇంట్లో కాపురం, ఏ ఇంట్లో వ్యాపారం అని రాసుకొచ్చే మనిషిని ఊరు ఇంకేమని పిలుస్తుంది? టేపుకు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషినివ్వమని ఆయన పదిసార్లు అర్జీ పెట్టుకుంటే, ఆఫీసు ఒక మేకు ఇచ్చింది. ఆ మేకును గోడ సందులో గుచ్చి, కొస దానికి తగిలించి, తనే నడుచుకుంటూ కొలుచుకునేవాడు. అలా కొలిచినా అంగుళం తేడా వచ్చేది కాదు. గోడ జరిగితే జరగొచ్చు గానీ మన టేపాయన కొలత జరగదని ఆఫీసులో అనుకునేవాళ్ళు. ఆ మాట ఎవరైనా ఎదురుగా అంటే ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపేవాడు. ఊపుతూనే పూర్తిగా వినేవాడు.

ఇంకో రెండు నెలల్లో పదవీ విరమణ. ఏ మచ్చా లేకుండా గట్టెక్కుతున్నానని ఆయన ధీమాగా ఉన్న రోజుల్లో, ఒక సోమవారం ఉదయం ఆఫీసు హాల్లో కొత్త ప్లాను ముసాయిదా వేలాడదీశారు. గోడ సగం మింగేసే పటం. కాపురాలుండే చోటుకు పసుపు రంగు, వ్యాపారం చేసుకునే చోటుకు నీలం, తోటలకు ఆకుపచ్చ. రైలు స్టేషను నుంచి కాలువ దాకా ఉన్న ఏడు వీధుల్నీ పసుపులోంచి నీలంలోకి మారుస్తారని ఆరు నెలలుగా అందరూ చెప్పుకుంటున్నదే. టేపాయన కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆరు వీధులు నీలంగా ఉన్నాయి. ఏడోది ఒక్కటే పసుపు.

పక్కన అతికించిన కాగితంలో కారణం రాసి ఉంది. వీధిలో కనీసం సగం గడపల్లో పదేళ్ళకు తగ్గకుండా వ్యాపారం సాగుతున్నట్టు ఆధారం ఉంటేనే రంగు మారుతుంది. ఏడో వీధి: మొత్తం గడపలు నలభై ఒకటి. దుకాణాలు: లేవు. దాని కింద ఇంకో వాక్యం. పసుపులో మిగిలిన వీధుల్లో ఇకమీదట ఏ వ్యాపారం కనపడినా ఆ గదికి సీలు వేస్తారు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ముప్పై రోజులు గడువు.

టేపాయన ఆ కాగితాన్ని రెండోసారి చదివాడు. దుకాణాలు లేవని రాసింది ఎవరో కాదు, ఆయనే. ఒకసారి కాదు, అయిదేళ్ళకోసారి జరిగే సర్వేల్లో వరసగా మూడుసార్లు. ఏడో వీధిలో ఇరవై ఆరు దుకాణాలున్నాయని ఖాయంగా తెలిసిన ఆఫీసు మనిషి కూడా ఆయనొక్కడే.

ఇది పదిహేనేళ్ళ కిందట మొదలైంది. మొదటిసారి ఏడో వీధి సర్వేకు వెళ్ళినప్పుడు, మలుపు తిరగక ముందే ఆయనకు పిండిమర చప్పుడు వినపడింది. మలుపు తిరిగాడు. చప్పుడు ఆగిపోయింది. ఆగిన మరుక్షణం వీధిలో ఎక్కడెక్కడో తలుపులు ధడధడా మూసుకున్నాయి, కిటికీ రెక్కలు కిర్రుమన్నాయి, ఏవో బరువైన వస్తువులు నేల మీద ఈడ్చిన చప్పుళ్ళు వచ్చాయి. ఆయన మొదటి ఇంటి గుమ్మం ఎక్కేసరికి వీధి వీధంతా అమాయకంగా బట్టలారేసుకుంటూ కనపడింది. బోర్డులుండాల్సిన చోట దుప్పట్లు వేలాడుతున్నాయి. గడియారాలు బాగుచేసే తాత గదిలో గోడకు పన్నెండు గడియారాలున్నాయి. ఇన్నెందుకని అడిగితే, "టైమంటే నాకు భక్తి బాబూ" అన్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ లోకం చూడటం లేదనుకుంటుందంటారు. ఇక్కడ నలభై ఒక్క గడపల పిల్లి.

టేపాయనకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుంటూనే ఉన్నదున్నట్టు రాసేద్దామని పెన్సిలు తీశాడు. రాసేవాడే, పదిహేడో గడపకు వెళ్ళకపోయి ఉంటే.

పదిహేడో గడప కుట్టుపని చేసుకునే ఆవిడది. వీధిలో అందరూ సూదక్క అంటారు. ఆవిడకు అప్పుడు ముప్పై ఏళ్ళుంటాయి. ముందు గదిలో పొడవాటి బల్ల ఉంది. ఆ బల్ల మీద వాళ్ళమ్మ మెడ దాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. "మా అమ్మకు బాగాలేదు సార్, కదల్లేదు" అంది సూదక్క. దుప్పటి అంచున కత్తిరింపు సుద్ద గీతలు కనపడుతున్నాయి. కదల్లేని మనిషి పరుగెత్తుకొచ్చి ఎక్కిన దానిలా రొప్పుతోంది. మూలన రెండు కుట్టు మిషన్ల మీద బిందెలు బోర్లించి ఉన్నాయి. టేపాయన కొలవడానికి వంగి అడుగు ముందుకు వేస్తే అరికాల్లో సూది దిగింది. అబ్బా అనబోయి ఆగాడు. అంటే చూపించాలి. చూపిస్తే రాయాలి. రాస్తే, కాపురాల వీధిలో వ్యాపారమని వారంలో జరిమానా నోటీసు. సూదక్క మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఆ నీళ్ళు తాగి, అమ్మగారి ఆరోగ్యం అడిగి, రిజిస్టరులో 'కాపురం' అని రాసి బయటికొచ్చాడు. కుంటకుండా నడవడానికి చాలా అవస్థ పడ్డాడు.

ఒక గడపకు అలా రాశాక మిగతా వాటి సంగతేమిటి? ఒక కంట వెన్న, మరో కంట సున్నం పెట్టడం ఆయనకు చేతకాదు. మొత్తం వీధికి కాపురమే రాసేశాడు. ఆ తర్వాత సర్వేలకు వెళ్ళినప్పుడల్లా మలుపు దగ్గర కావాలని ఆగేవాడు. చెప్పు పట్టీ సరిచేసుకునేవాడు. కళ్ళజోడు తుడిచేవాడు. మర ఆగినా ఇంకా ఎక్కడో ఏదో ఈడుస్తున్న చప్పుడు వినపడితే, మేకు దిగడం లేదన్నట్టు నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టేవాడు. వాళ్ళు సర్దుకున్నారని తెలిశాకే లోపలికి నడిచేవాడు. తను చూసీ చూడనట్టు పోవడం, వాళ్ళు హమ్మయ్య అనుకోవడం, ఈ సంగతి తనకొక్కడికే తెలియడం, ఇదంతా ఆయనకు ఎంతో బాగుండేది. ఆ రోజు ఇంటికొచ్చి మామూలు కన్నా ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

కానీ కొలతల మనిషి కదా. అబద్ధం రాసిన చెయ్యి ఊరుకోలేదు. మొదటి సర్వే అయిన వారానికే ఒక గళ్ళ నోటుబుక్కు కొని, ఏడో వీధి నిజం పటం అందులో గీసుకున్నాడు. ఏ గడపలో ఏ వ్యాపారం, ఎన్నడుగుల గది, ఏ మూల ఏముంది, అన్నీ. పేజీ కింద తేదీ, సంతకం. అలవాటు. తర్వాతి రెండు సర్వేలకూ అదే చేశాడు. ఎవరికీ చూపించకూడని పటానికి సంతకం ఎందుకని ఆయనకెప్పుడూ అనిపించలేదు.

ముసాయిదా పెట్టిన ఆ సోమవారం మధ్యాహ్నం ఆయన ప్లానింగ్ ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. టేపాయనను చూస్తే లేచి కుర్చీ చూపిస్తాడు.

"ఆ ఏడో వీధి సంగతండీ. ఒకసారి మళ్ళీ సర్వే చేయిస్తే బాగుంటుందేమో" అన్నాడు టేపాయన.

"ఎందుకండీ?"

"చుట్టూ నీలం, మధ్యలో అదొక్కటే పసుపు. చూడ్డానికి బాలేదు."

ఆఫీసరు నవ్వాడు. "చూడ్డానికేముంది సార్, నియమం నియమమే. మిగతా వీధుల రిజిస్టర్లు ఒకటికి రెండుసార్లు తనిఖీ చేయించాను. ఏడో వీధిది మాత్రం ముట్టుకోలేదు. మీరు రాసింది కదా. మీ రాత మీద నాకు అంత నమ్మకం."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. టేపాయన ఆఫీసరుకు థాంక్స్ చెప్పి బయటికొచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత ఏడో వీధి వాళ్ళే ఆఫీసుకు వచ్చారు. అభ్యంతరాల గుమాస్తా వాళ్ళ అర్జీ తిరగేసి, "ఇరవై ఆరు దుకాణాలున్నాయంటున్నారు సరే. పదేళ్ళుగా ఉన్నట్టు ఆధారమేది? లైసెన్సు? బోర్డు ముందు దిగిన ఫొటో? అడ్రసు అచ్చేసిన రసీదు పుస్తకం?" అని అడిగాడు. ఒక్కటీ లేదు. ఏ కాగితం మీదా దుకాణం అన్న మాట పడకుండా పదిహేనేళ్ళు ప్రాణం పెట్టి జాగ్రత్తపడ్డారు మరి. "ఆధారం లేకపోతే విచారణలో నిలబడదు" అని చెప్పి గుమాస్తా వాళ్ళకు ఇరవయ్యో తేదీకి విచారణ రాసిచ్చాడు.

వాళ్ళు వరండాలో టేపాయనకు ఎదురుపడ్డారు. ముందు పిండిమర నడిపే పెద్దమనిషి. ఆయనను వీధిలో మరాయన అంటారు. పక్కన గడియారాల తాత. వెనక సూదక్క. నలభై అయిదేళ్ళావిడ ఇప్పుడు, కళ్ళజోడు పెట్టుకుంది, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇనప టోపీ తియ్యడం మరిచిపోయి వచ్చినట్టుంది. వాళ్ళమ్మ పోయి మూడేళ్ళయిందని టేపాయన విన్నాడు.

మరాయన గొంతు సవరించుకున్నాడు. "సార్, మీకొక సంగతి చెప్పాలి. మీరు కోప్పడకూడదు."

"చెప్పండి."

"మిమ్మల్ని మేము మోసం చేశాం సార్."

టేపాయన ఏం చెయ్యాలో తోచక కనుబొమలు పైకెత్తాడు. ఆశ్చర్యపోయినట్టు కనపడాలని. మరాయన దాన్ని కోపమనుకుని గబగబా మొత్తం చెప్పేశాడు. తన మర ఆపడమే గుర్తని, దాని తర్వాత నాలుగు నిమిషాల్లో వీధంతా సర్దేసేవాళ్ళమని, చెబుతున్న కొద్దీ ఆయన గొంతులో సిగ్గు తగ్గి ఉత్సాహం పెరిగింది. "ఫ్రేములు కట్టేవాడు అద్దాలన్నీ మంచం కిందికి తోసేవాడండీ. ఒకసారి మీరు ఆ మంచం మీదే కూర్చున్నారు! మాకు పై ప్రాణాలు పైనే పోయాయి."

"అవునా" అన్నాడు టేపాయన. కూర్చున్నప్పుడు కింద అద్దం పగిలిన చప్పుడు ఆయనకు గుర్తే. దగ్గొచ్చినట్టు గట్టిగా దగ్గి ఆ చప్పుడు కప్పేసింది తనే.

"మీ తెలివి తక్కువని కాదు బాబూ" అన్నాడు గడియారాల తాత ఓదార్పుగా. "మా తెలివి ఎక్కువ."

అప్పటిదాకా మాట్లాడని సూదక్క ముందుకొచ్చింది. "విచారణలో మేము ఇదే చెబుతాం సార్. మిమ్మల్ని ఎలా ఏమార్చామో ఒక్కొక్కళ్ళం చెబుతాం. ఆధారం లేదు కాబట్టి మాకున్నది అదొక్కటే. కానీ అలా చెబితే మీ పేరు పోతుంది. ఇన్నేళ్ళూ మమ్మల్ని మంచిగా చూసిన మనిషి మీరు. ముందు మీకు చెప్పకుండా చెయ్యడం న్యాయం కాదని వచ్చాం."

పేరు పోతుంది. ముప్పై నాలుగేళ్ళు అంగుళం తేడా రాని మనిషి, ఒక వీధివీధంతా కళ్ళకు గంతలు కడితే కట్టించుకున్నాడని రేపు ఆఫీసు నవ్వుతుంది. ఇది ఆయనకు చివుక్కుమంది, అబద్ధమెందుకు. పోనీ పోతే పోయింది, వీధి నిలబడుతుందా అంటే అదీ లేదు. ఇప్పుడు ఏ సర్వే చేయించినా ఇవాళ దుకాణాలున్నాయని తేలుతుంది గానీ పదేళ్ళ కిందట ఉన్నాయని తేలదు. అవసరం పడ్డాక నేను అప్పట్లో మోసగాణ్ణని చెప్పుకునే వాళ్ళ మాట ఎవరు నమ్ముతారు? ఉన్న ఆధారం ఒకే ఒక్కటి. అది ఆయన ఇంట్లో బీరువా అడుగున ఉంది. అది బయట పెడితే ఆయన తెలివితక్కువవాడు కాదని రుజువవుతుంది. తెలిసే తప్పుడు రాతలు రాశాడని కూడా రుజువవుతుంది.

"మీరు చెప్పాల్సింది చెప్పండమ్మా. నా గురించి చూసుకోకండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో బీరువా ముందు నేల మీద కూర్చుని నోటుబుక్కు తీశాడు. ఆయన భార్య చింపిన పాత దుప్పటితో కిటికీ అద్దాలు తుడుస్తోంది. "తీశారా? దుమ్ము పట్టిందని నేనే పోయిన నెల తుడిచిపెట్టాను" అంది.

"నీకు తెలుసా ఇదుందని?"

"పదేళ్ళ నుంచీ తెలుసు. బీరువా అడుగున దాచారంటే ఏ ప్రేమలేఖల కట్టో అనుకుని వణుకుతూ తెరిచాను. చూస్తే పిండిమర, పద్దెనిమిది అడుగులు బై పదకొండు. నా మొహానికి అంతకన్నా ఏముంటుందిలే అనుకుని మూసేశాను."

ఆయన నవ్వలేకపోయాడు. మొత్తం చెప్పాడు. ఆవిడ తుడవడం ఆపి విన్నది.

"రెండు నెలలు ఓపిక పట్టండి. వీధిని గట్టెక్కించే దారి ఇంకేదైనా దొరుకుతుందేమో" అంది.

"ఇంకేదీ లేదు."

"మరి మన సంగతి? విచారణ పెడతారు. పెన్షను ఆపుతారు. రేపు పదిమందిలో నా మొగుడు తప్పుడు లెక్కలు రాశాడంటే నేను ఎక్కడ పెట్టుకోవాలి మొహం?"

ఆయన నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ మళ్ళీ అద్దం తుడవసాగింది. తుడిచిన చోటే చాలాసేపు తుడిచింది. తర్వాత వెనక్కి తిరక్కుండానే అడిగింది. "వాళ్ళకు తెలుసా, మీకన్నీ తెలుసని?"

"తెలీదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెబుతాను? ఆఫీసు విషయం."

"ఆఫీసు విషయాలన్నీ వీధి చివర దుకాణం దాకా చెబుతారుగా మీరు" అంది ఆవిడ. "సరేలెండి. రేపు అన్నం మానేసే పనైతే ఇద్దరం కలిసే మానేద్దాం. విచారణలో ఇచ్చెయ్యండి ఆ పుస్తకం."

ఇరవయ్యో తేదీ ఉదయం పది గంటలకు విచారణ. రెండో అంతస్తులో పొడవాటి గది, పైన నాలుగు ఫ్యాన్లు, వాటిలో తిరిగేది ఒకటి. విచారణాధికారి యాభై దాటిన ఆవిడ, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎడమ పక్క ప్లానింగ్ ఆఫీసరు, రికార్డు చూపించడానికి టేపాయన. ఎదురుగా ఏడో వీధి.

మరాయన లేచి మొదలుపెట్టాడు. మర ఆపడం, నాలుగు నిమిషాలు, దుప్పట్లు, మంచం కింద అద్దాలు. గదిలో నవ్వులు మొదలయ్యాయి. గుమాస్తా రాయడం మానేసి వింటున్నాడు. టేపాయన నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఆయన దేవుడులాంటి మనిషండీ, తప్పంతా మాదే. ఆయనకు ఏమీ తెలీదు" అని మరాయన ముగించాడు.

"ఇదంతా నిజమేనని ఏం నమ్మకం?" అంది విచారణాధికారి. "రంగు మారితే లాభపడేది మీరే. ఆరు వీధుల వాళ్ళు జరిమానా కట్టిన రసీదులతో సహా కాగితాలు తెచ్చారు. మీరు కథ తెచ్చారు. పదేళ్ళ కిందటి కాగితం ఒక్కటి చూపించండి. లేకపోతే నేనేమీ చెయ్యలేను."

సూదక్క తన చేతుల వైపు చూసుకుంటోంది. విచారణాధికారి కలం తీసింది.

టేపాయన లేచాడు. "నా దగ్గరుందండీ" అన్నాడు. సంచిలోంచి గళ్ళ నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ పేజీలు తిప్పింది. రిజిస్టరు తెప్పించి పక్కన పెట్టుకుని, వేలు పెట్టి కొలతలు పోల్చింది. అంగుళం తేడా లేదు. ఒక పేజీ దగ్గర ఆగి పైకి చదివింది. "గడప పదిహేడు. ముందు గది పన్నెండడుగులు బై తొమ్మిది. కుట్టుపని. మిషన్లు రెండు, బిందెలు బోర్లించి ఉన్నాయి. కత్తిరింపు బల్ల ఒకటి, దాని మీద అమ్మగారు." ఆవిడ తలెత్తింది. "తేదీ పదిహేనేళ్ళ కిందటిది. ఇది మీ చేతిరాతేనా?"

"అవునండీ."

"అంటే రిజిస్టరులో తెలిసే అబద్ధం రాశారు."

"అవునండీ. మూడుసార్లు."

"ఎందుకు?"

ఇన్ని రోజులుగా ఈ ప్రశ్నకు మంచి మంచి జవాబులు కూర్చుకున్నాడు. అవన్నీ పక్కన పెట్టేశాడు. "ఆ రోజు నిజం రాయబుద్ధి కాలేదండీ" అన్నాడు.

ప్లానింగ్ ఆఫీసరు మొహం తిప్పుకున్నాడు. అన్నిటికన్నా అది టేపాయనకు కష్టమనిపించింది. విచారణాధికారి ఒక్కో పేజీ మీద తన సంతకం పెట్టి, రెండు ఉత్తర్వులు చెప్పింది. ఒకటి, నోటుబుక్కును ఆధారంగా తీసుకుంటున్నాం, నలభై ఒక్క గడపల్లో ఇరవై ఆరు, ఏడో వీధి నీలంలోకి మారుతుంది. రెండు, ఈ ఉద్యోగి రిజిస్టరూ టేపూ ఇవాళే అప్పగించి ఇంటికి వెళ్ళాలి, విచారణ తేలేదాకా ఆఫీసుకు రానక్కర్లేదు. రెండూ ఒకే గొంతుతో చెప్పింది.

టేపాయన మెట్లు దిగి వచ్చేసరికి వీధి వీధంతా ఆయనను చుట్టుముట్టింది. ఒకరు చేతులు పట్టుకున్నారు, ఒకరు భుజం తట్టారు. గడియారాల తాత ఏడ్చేశాడు. మరాయన మాత్రం ఆనందిస్తూనే ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. "అంటే సార్, మొదటి రోజు నుంచీ తెలుసా? నేను మర ఆపింది కూడా?"

"తెలుసు."

"ఒక్కసారైనా మోసపోలేదా?"

టేపాయన ఆలోచించాడు. "మీ మేడ మీద గది ఉందని మాత్రం రెండో సర్వే దాకా కనిపెట్టలేకపోయాను."

మరాయనకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా!" అని అందరి వైపూ తిరిగాడు.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. సూదక్క వెళ్ళలేదు. గేటు పక్కన గోడ నీడలో నిలబడి ఉంది. టేపాయన దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కూడా ఏదో మంచిమాట అంటుందనే వెళ్ళాడు. నిజానికి మిగతా అందరికన్నా ఆవిడ నోట వినాలనే ఆయనకు ఎక్కువగా ఉంది.

"అమ్మ బల్ల మీద పడుకున్న రోజు మీకు తెలిసిపోయింది" అంది సూదక్క.

"కాల్లో సూది గుచ్చుకుందమ్మా. చెబితే నువ్వు కంగారు పడతావని చెప్పలేదు."

"తర్వాత అయిదేళ్ళకు వచ్చారు. అప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత మళ్ళీ వచ్చారు. పెద్దావిడ ఎలా ఉందమ్మా అని అడిగారు."

"అడిగాను."

"అమ్మకు చివర్లో మతి తప్పింది సార్. నెల రోజులు. నేనెవరో కూడా తెలిసేది కాదు. కానీ తలుపు చప్పుడైతే చాలు, పక్క మీంచి లేవబోయేది. టేపాయన వచ్చాడే, నన్ను బల్ల ఎక్కించు, తొందరగా ఎక్కించు అనేది. ఎవరూ రాలేదమ్మా, పడుకో అంటే నమ్మేది కాదు. నీ పని పోతుందే, ఎక్కించవే అని ఏడ్చేది." సూదక్క గొంతు పెరగలేదు. "కూతురి పేరు మరిచిపోయింది గానీ మీ పేరు మరిచిపోలేదు. ఒకరోజు ఇక చూడలేక ఎత్తి బల్ల మీద పడుకోబెట్టాను. కదలకుండా పడుకుంది. ఊపిరి కూడా మెల్లగా పీల్చుకుంది, మీకు వినపడకూడదని. అక్కడే పోయింది."

టేపాయన గోడకు చెయ్యి ఆనించాడు. మలుపు దగ్గర ఆగి చెప్పు పట్టీ సరిచేసుకుంటున్న తను గుర్తొచ్చాడు. లోపల ఈడుస్తున్న చప్పుళ్ళు వింటూ నవ్వుకున్న తను. ఆ చప్పుళ్ళ వెనక మనుషులు ఎంత భయపడి ఉంటారో తెలియక కాదు. తెలుసు. ఆ భయం తీరుస్తున్నది తనేనన్న తృప్తిలో, అది రోజూ ఉంటుందన్న సంగతి పట్టించుకోలేదు. ఆయనకు సిగ్గేసింది. కాసేపటి కిందట పై గదిలో అందరి ముందూ తలదించుకున్నప్పుడు కూడా ఇంత సిగ్గెయ్యలేదు.

"ఒక్క మాట చాలు కదా సార్" అంది సూదక్క. "నాకు తెలుసమ్మా, భయపడకు అని. వీధిలో అందరికీ వద్దు. నాకొక్కదానికి."

"మంచే చేస్తున్నాననుకున్నానమ్మా."

"మంచే చేశారు. కాదని ఎవరన్నారు? మీరు రాయకపోతే ఆనాడే మా పొయ్యి ఆరిపోయేది. ఇవాళ మీ ఉద్యోగం పోయింది మా కోసం. దానికి జీవితాంతం దణ్ణం పెడతాను." ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "కానీ ఆ చెప్పని మాటకు మాత్రం నాకు కొంచెం టైమివ్వండి."

"తీసుకో అమ్మా" అన్నాడు టేపాయన. "ఎంత కావాలంటే అంత."

ఆవిడ తల ఊపి, ఎండలోకి నడిచి, ఏడో వీధి వైపు వెళ్ళింది. ఆవిడ మలుపు తిరిగేదాకా ఆయన చూశాడు. తర్వాత రిజిస్టరూ టేపూ అప్పగించాలని గుర్తొచ్చి మళ్ళీ మెట్లెక్కాడు.